కిడ్నీ ఇచ్చాక మీకూ ఒక ఫైలు ఉండాలి: డోనర్లు చూసుకోవాల్సినవి

ఆపరేషన్ అయిన నాలుగో రోజు నన్ను డిశ్చార్జ్ చేశారు. అన్నయ్య ఇంకా లోపలే ఉన్నాడు, వాడి మంచం పక్కన ఫైలు చూస్తే రెండు చేతులతో ఎత్తాలి, ఏ పూట ఏ మాత్ర, ఏ రోజు ఏ టెస్టు, రాత్రిపూట ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నీ అందులో ఉన్నాయి. నా చేతికి ఒక్క కాగితం ఇచ్చారు. అయిదు రోజులకి నొప్పి మాత్రలు, మోషన్ కావడానికి ఒక సిరప్, పది రోజులాగి వచ్చి కుట్లు చూపించండి, అంతే. అప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు, నేను పేషెంట్‌ని కాదు కదా అనుకున్నా. అది నిజమే, కిడ్నీ ఇచ్చినంత మాత్రాన పేషెంట్ అయిపోం. కానీ ఇంట్లో అందరి కళ్ళూ తీసుకున్నవాళ్ళ మీదే ఉంటాయి, ఉండాలి కూడా, ఆ హడావిడిలో ఇచ్చినవాళ్ళ సంగతి ఇచ్చినవాళ్ళతో సహా అందరూ మర్చిపోతారు. నేను రెండేళ్ళు మర్చిపోయా. ఇచ్చి ఇప్పటికి ఆరేళ్ళు, ఈ మధ్య కొత్తగా ఇచ్చినవాళ్ళు అడుగుతుంటే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టర్ చెప్పినదానికీ నేను రాసినదానికీ తేడా వస్తే ఆయన మాటే వినండి.

మొదటి వారం

ఇప్పుడు చాలావరకు ల్యాప్రోస్కోపీలోనే, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి తీస్తున్నారు, మొదటిసారి ఇలా తీసింది 1995లో అమెరికాలోని బాల్టిమోర్‌లో. అంతకుముందు పక్క మీద పెద్ద కోత కోసేవాళ్ళు, కొన్నిసార్లు పక్కటెముక ముక్క కూడా తీసేవాళ్ళట. ఇప్పుడు చిన్న చిన్న గాట్లు రెండు మూడు, కిడ్నీ బయటికి రావడానికి పొత్తికడుపు దగ్గర కొంచెం పెద్ద గాటు ఒకటి.

లోపల చోటు కోసం కడుపులో కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ నింపుతారు, ఆపరేషన్ అయ్యాక అది మొత్తం పోదు, మిగిలిన కాస్త గ్యాస్ పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్‌ని రెచ్చగొడితే నొప్పి భుజంలో తెలుస్తుంది. నాకు కోత కంటే భుజమే ఎక్కువ నొప్పెట్టింది, రాత్రి రెండింటికి నర్సుని పిలిచి ఇది గుండె నొప్పేనా అని అడిగా, ఆవిడ నవ్వి లేపి నాలుగడుగులు నడిపించింది. అదే మందు. నడిస్తే గ్యాస్ కదులుతుంది, పేగులు లేస్తాయి, కాళ్ళల్లో రక్తం గడ్డ కట్టకుండా ఉంటుంది, అందుకే మరుసటి రోజు నుంచే నడవమని చంపుతారు, తిట్టుకోకుండా నడవండి. దగ్గు వచ్చినా నవ్వు వచ్చినా ఒక దిండు పొట్టకి గట్టిగా అదుముకోండి. గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేచే మిషను ఇస్తారు కదా అది బొమ్మ అనుకుని పక్కన పడేయకండి, ఊపిరితిత్తుల్లో కఫం పేరుకోకుండా అదే కాపాడుతుంది.

మోషన్ గురించి సిగ్గుపడకుండా చెప్తున్నా. గట్టి నొప్పి మందులు ఇస్తారు కాబట్టి మూడు నాలుగు రోజులు మోషన్ అవ్వకపోవడం మామూలే, కానీ ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది, కాబట్టి సిరప్ మొదటి రోజు నుంచే తాగండి.

మగవాళ్ళకి ఇంకోటి చెప్పాలి, నాకెవరూ చెప్పలేదు. ఎక్కువగా ఎడమ కిడ్నీ తీస్తారు, ఎందుకంటే ఆ వైపు సిర పొడుగ్గా ఉంటుంది, అవతలి మనిషికి కలపడం సులువు. ఎడమ వృషణం నుంచి వచ్చే సిర వచ్చి ఆ కిడ్నీ సిరలోనే కలుస్తుంది, తీసేటప్పుడు దాన్ని కూడా కట్టేస్తారు. అందుకని కొంతమందికి ఆ వైపు వృషణం కొన్ని వారాలు లాగుతున్నట్టు, బరువుగా, కాస్త వాచినట్టు ఉంటుంది. నేనైతే ఏదో రోగం వచ్చిందని పది రోజులు ఎవరికీ చెప్పకుండా నాలో నేనే కుమిలిపోయా, చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. పిల్లలు పుట్టడానికి దీనితో సంబంధం లేదు. అలాగే గాటు చుట్టూ, కొందరికి తొడ పైభాగంలో చర్మం మొద్దుబారినట్టు ఉంటుంది, చిన్న చిన్న నరాలు తెగడం వల్ల, నెలలు పడుతుంది, నాకు ఒక రూపాయి బిళ్ళంత చోటు ఇప్పటికీ స్పర్శ తెలీదు, అలవాటైపోయింది.

జ్వరం 100.4 దాటితే, గాటు ఎర్రబడి చీము కారితే, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే, ఆయాసం వస్తే, వాంతులు ఆగకపోతే, యూరిన్ బాగా తగ్గిపోతే, పొద్దున దాకా ఆగి చూద్దాం అనుకోవద్దు, అప్పుడే ఫోన్ చెయ్యాలి, వెళ్ళిపోవాలి.

నీరసం, పని, బరువులు

నొప్పి గురించి అందరూ చెప్తారు. నీరసం గురించి మాత్రం గట్టిగా ఎవరూ చెప్పరు. రెండో వారానికి గాట్లు మానిపోతాయి, చూసేవాళ్ళకి మీరు బాగున్నట్టే ఉంటారు, మీకేమో స్నానం చేసొస్తే గంట పడుకోవాలనిపిస్తుంది. ఒళ్ళు లోపల మానుతోంది, ఒక కిడ్నీ రెండింటి పని నేర్చుకుంటోంది, దానికి టైమ్ కావాలి. నాకు దాదాపు రెండు నెలలు ఉంది, కొందరికి మూడు. ఇది బద్ధకం కాదు అని ఇంట్లోవాళ్ళకి ఆపరేషన్‌కి ముందే చెప్పి పెట్టుకోండి, తర్వాత చెప్తే సాకులాగా వినిపిస్తుంది.

కూర్చుని చేసే ఉద్యోగమైతే మూడు నాలుగు వారాలు సెలవు పెట్టుకోండి, ఒళ్ళు వంచి చేసే పని అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. నేను హీరోలాగా మూడో వారం మొదట్లోనే వెళ్ళి మధ్యాహ్నానికి టేబుల్ మీద తల పెట్టి నిద్రపోయా. కుదిరితే మొదటి రెండు వారాలు సగం పూట అడగండి.

ఆరు వారాలు నాలుగైదు కిలోలు దాటిన బరువు ఎత్తకూడదు. ఈ రూల్ అందరికీ తెలుసు, అందరూ తప్పుతారు, ఎందుకంటే బరువు అంటే బస్తా అనుకుంటారు కానీ నీళ్ళ బకెట్ బరువే, గ్యాస్ సిలిండర్ బరువే, చంటిపిల్లాడూ బరువే. పైన చర్మం అతుక్కున్నా లోపలి పొర గట్టిపడటానికి వారాలు పడుతుంది, తొందరపడితే అక్కడ హెర్నియా వస్తుంది, అంటే లోపలి పేగు ఆ చోట బయటికి ఉబుకుతుంది, దానికి మళ్ళీ ఇంకో ఆపరేషన్. పిల్లలు ఉంటే మీరు కూర్చుని ఒళ్ళోకి ఎక్కించుకోండి, వంగి ఎత్తుకోవద్దు. బండి నడపడానికి నా లెక్క ఏంటంటే, గట్టి నొప్పి మందులు మానేసి ఉండాలి, సడన్ బ్రేక్ తొక్కితే పొట్ట దగ్గర చురుక్కుమనకూడదు, మామూలుగా మూడు నాలుగు వారాలు. భార్యాభర్తల కలయికకి కూడా దాదాపు అంతే, నొప్పి లేనప్పుడు, తొందరేం లేదు.

క్రియాటినిన్ చూసి కంగారు పడకముందు

ఇది బాగా చదవండి, నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపే ఒక వ్యర్థం, రక్తంలో అది పెరిగితే వడపోత తగ్గిందని లెక్క. ఆపరేషన్‌కి ముందు నా క్రియాటినిన్ 0.8. నెల తర్వాత 1.3. రిపోర్ట్‌లో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే అంచనా, దాని పక్కన ఎర్ర అక్షరాలు, తక్కువ అని బాణం గుర్తు, కింద కిడ్నీ జబ్బు దశల పట్టిక. అది చూసి మా ఇంట్లో ఒక పూట పొయ్యి వెలగలేదు.

జరిగేది ఏంటంటే, రెండు కిడ్నీలు కలిపి చేసే వడపోత 100 అనుకోండి, ఒకటి తీసిన రోజు అది దాదాపు సగానికి పడిపోతుంది. తర్వాత వారాల్లో, నెలల్లో మిగిలిన కిడ్నీ సైజు పెరుగుతుంది. కిడ్నీలో వడకట్టే సన్న గొట్టాలు, అంటే నెఫ్రాన్లు, కొత్తవి పుట్టవు, ఉన్నవే కాస్త పెద్దవై ఎక్కువ రక్తాన్ని వడకడతాయి. అలా మొత్తం పని మునుపటి దానిలో 60 నుంచి 70 శాతం దాకా వచ్చి నిలబడుతుంది. 100 రాదు. కాబట్టి 0.8 ఉన్నవాళ్ళకి 1.1, 1.2 అవ్వడం జబ్బు కాదు, అది మీ కొత్త నార్మల్. ల్యాబ్ కంప్యూటర్‌కి మీరు కిడ్నీ ఇచ్చారని తెలీదు, అది అందరికీ కలిపి వేసే ముద్ర మీకూ వేస్తుంది. పైగా క్రియాటినిన్ నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్ డోనర్లలో ఉన్నదానికన్నా కొంచెం తక్కువే చూపించొచ్చు, అనుమానం ఉంటే సిస్టాటిన్ సీ అని ఇంకో టెస్ట్ ఉంది, కండ ఎక్కువ ఉన్నవాళ్ళకి అది మేలు, డాక్టర్ని అడగండి.

అలాగని నంబర్ పట్టించుకోకుండా వదిలేయమని కాదు నేను చెప్పేది. పక్కింటాయన నంబర్‌తో కాదు, ల్యాబ్ వాళ్ళ నార్మల్‌తో కూడా కాదు, మీ పోయినేటి నంబర్‌తో పోల్చుకోండి. ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఒకటి వస్తాయి కదా, ఆ ఏడాది నంబర్ దగ్గర గట్టిగా గుండ్రం చుట్టి పెట్టుకోండి, జీవితాంతం కొలబద్ద అదే. 1.2 అయిదేళ్ళుగా 1.2 గానే ఉందంటే హాయిగా ఉండండి. 1.2 కాస్తా 1.5 అయ్యి, ఇంకోసారి చేసినా 1.5 వస్తే అప్పుడు కారణం వెతకాలి.

ఒకసారికే భయపడొద్దు అని ఎందుకంటున్నానంటే ముందు రోజు మాంసం బాగా తిన్నా, జిమ్‌లో చెమటలు కక్కినా, నీళ్ళు తక్కువ తాగినా నంబర్ పైకి కనిపిస్తుంది. క్రియాటిన్ పొడి వాడేవాళ్ళకైతే చెప్పక్కర్లేదు. ప్రతిసారీ ఒకే ల్యాబ్, దాదాపు ఒకే టైమ్, ముందు రోజు మామూలు తిండి, ఇంతే.

దానికన్నా ముఖ్యమైనది, చాలామంది చేయించుకోనిది యూరిన్ టెస్ట్. ఏసీఆర్ అంటారు, యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూసేది, 30 లోపు ఉండాలి. ఒంటి కిడ్నీ మీద భారం ఎక్కువవుతోందా అన్నది క్రియాటినిన్ కంటే ముందు చాలాసార్లు ఇదే చెప్తుంది. కప్పులో యూరిన్ ఇచ్చిరావడమే, సూది కూడా ఉండదు, అయినా మానేస్తారు.

అసలు రిస్క్ ఎంత అని సూటిగా అడిగేవాళ్ళ కోసం. అమెరికాలో 1994 నుంచి 2011 దాకా కిడ్నీ ఇచ్చిన 96 వేల మందిని చూసి 2014లో ఒక లెక్క తేల్చారు. జీవితకాలంలో కిడ్నీ పూర్తిగా పాడయ్యే అవకాశం డోనర్లలో పదివేల మందికి 90, అంతే ఆరోగ్యంగా ఉండి కిడ్నీ ఇవ్వనివాళ్ళలో 14, ఏ స్క్రీనింగూ లేకుండా మొత్తం జనాభాని తీసుకుంటే 326. అంటే ఇవ్వకపోతే ఉండే రిస్క్ కంటే పెరిగింది, అది దాచిపెట్టి ఏ ఇబ్బందీ ఉండదు అని చెప్పేవాళ్ళది తప్పు, అలాగే రోడ్డు మీద వెళ్ళే మామూలు మనిషి కన్నా తక్కువే ఉంది, అయ్యో జీవితం నాశనం చేసుకున్నావ్ అని ఏడ్చే చుట్టాలదీ తప్పే. మొట్టమొదట విజయవంతమైన కిడ్నీ మార్పిడి 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో జరిగింది, రోనాల్డ్ హెరిక్ అనే ఆయన తన కవల సోదరుడికి ఇచ్చాడు, ఇచ్చాక 56 ఏళ్ళు బతికి 79 ఏళ్ళ వయసులో 2010లో పోయాడు, లెక్కల మాస్టారుగా పనిచేశాడు. చుట్టాలకి నేను ఈయన కథే చెప్తుంటా, అంకెలు చెప్తే ఎవరూ వినరు.

బీపీ, బరువు, షుగర్

మిగిలిన కిడ్నీని పాడుచేసేది ఆపరేషన్ కాదు, ఆ తర్వాత పదిహేనేళ్ళలో మెల్లగా వచ్చే బీపీ, షుగర్. కిడ్నీ ఇచ్చిన రోజున మీరు ఊళ్ళో అందరికన్నా ఆరోగ్యవంతులు, అన్ని టెస్టులూ పాసయ్యాకే కదా తీసుకున్నారు, ఆ ధీమాయే తర్వాత ముంచుతుంది. నేను మొదటి రెండేళ్ళలో ఎనిమిది కిలోలు పెరిగా. అందరూ తినమంటారు, త్యాగం చేశాడు పాపం అని ఇంకో ముద్ద వేస్తారు, నేనూ తిన్నా. మూడో ఏడు బీపీ 142 చూపించింది.

ఇంట్లో చేతికి చుట్టే బీపీ మిషను ఒకటి పెట్టుకోండి, మణికట్టుకి పెట్టేది వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి, కాళ్ళు నేలకి ఆనించి ఊరికే కూర్చుని, మాట్లాడకుండా, రెండుసార్లు చూసి రాసుకోండి. నెలకి ఓ రెండు రోజులు చాలు. 130/80 లోపు ఉండాలి, తరచూ దాటుతుంటే ఇంకో నెల చూద్దాం అనొద్దు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, వండేటప్పుడు వేసేదే కాదు, ప్యాకెట్లలో వచ్చేవాటిలో ఉన్నదీ కలిపి. షుగర్‌కి ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చూపించే రక్త పరీక్ష. సిగరెట్ అయితే మానెయ్యాల్సిందే, దాంట్లో బేరం లేదు. మందు ఎప్పుడైనా కొంచెం అయితే కిడ్నీకి పెద్ద ఇబ్బంది కాదంటారు, కొంచెం అన్న మాట అందరికీ ఒకేలా అర్థం కాదు, అదీ సమస్య.

నీళ్ళు, ప్రోటీన్ సంగతి రెండు ముక్కల్లో. రోజుకి అయిదు లీటర్లు తాగితే కిడ్నీ కడిగినట్టు అవుతుంది అన్నది ఉత్తమాట, దాహానికి తగ్గట్టు రెండు, రెండున్నర లీటర్లు చాలు, యూరిన్ లేత పసుపులో ఉంటే సరిపోయినట్టే. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజు మాత్రం అశ్రద్ధ చెయ్యొద్దు, ఒళ్ళు ఎండిపోతే ఒంటి కిడ్నీ తొందరగా దెబ్బతింటుంది. ప్రోటీన్ మానెయ్యక్కర్లేదు, పప్పు, గుడ్డు, మాంసం మామూలుగా తినండి, డబ్బాల్లో వచ్చే పొడులు స్కూపులు స్కూపులు కొట్టడం వద్దు. వ్యాయామం బాగా చెయ్యండి, మూడు నెలల తర్వాత పరుగు, ఈత, బరువులు అన్నీ మెల్లమెల్లగా, బాక్సింగ్ లాంటి దెబ్బలు తగిలే ఆటలకి మాత్రం డాక్టర్‌తో మాట్లాడాక.

మాత్రల దగ్గర తెలివిగా ఉండాలి

ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, నాప్రోక్సెన్, కీటోరోలాక్. ఈ పేర్లు ఫోన్‌లో రాసి పెట్టుకోండి, మందుల షాపులో మాత్ర వెనక చిన్న అక్షరాల్లో ఇవి ఉన్నాయేమో చూడండి. కిడ్నీలోకి రక్తం వచ్చే గొట్టాన్ని తెరిచి ఉంచే రసాయనాన్ని ఈ మందులు ఆపేస్తాయి, దాంతో లోపలికి వచ్చే రక్తం తగ్గుతుంది. రెండు ఉన్నవాళ్ళకే జాగ్రత్త అంటారు, మనకి స్పేర్ లేదు. జలుబు మాత్రల్లో, నెలసరి నొప్పి మాత్రల్లో, ఒంటినొప్పులకి వేసే ఇంజెక్షన్లో ఇవి చెప్పా పెట్టకుండా ఉంటాయి. జ్వరానికీ నొప్పికీ పారాసిటమాల్, చెప్పిన డోసు దాటకుండా. పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, మోకాలి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా కుర్చీలో కూర్చోగానే మొదటి మాట నాకు ఒకటే కిడ్నీ అని చెప్పెయ్యండి, వాళ్ళు అడగరు. స్కాన్ కోసం రంగు మందు ఎక్కించేముందు కూడా ఇదే మాట. వద్దని కాదు, అవసరమైతే జాగ్రత్తలు తీసుకుని చేస్తారు.

మూలికలు, కిడ్నీ శుభ్రం చేసే పొడి, బరువు తగ్గించే కషాయం, ఇవి మనకే ఎక్కువ అమ్ముతారు, ఎందుకంటే మన భయం వాళ్ళకి తెలుసు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి ఒక క్లినిక్‌లో ఇచ్చిన మూలికల బిళ్ళలు తిని ఎంతోమంది ఆడవాళ్ళకి కిడ్నీలు పాడయ్యాయి, అందులో అరిస్టోలోకియా అనే మొక్క ఉంది. మూలిక కాబట్టి ఏమీ చెయ్యదు అన్నవాళ్ళకి ఇది చెప్పండి.

ఇంకోటి. నడుం పక్కన భరించలేని నొప్పి వచ్చి యూరిన్ ఆగిపోయినా, యూరిన్‌లో రక్తం పడినా, వణుకుతో జ్వరం వచ్చినా అది ఎమర్జెన్సీ. రెండు కిడ్నీలు ఉన్నవాళ్ళకి ఒక వైపు రాయి అడ్డం పడితే ఇంకోవైపు నడుస్తుంది, మనకి అది అడ్డం పడితే మొత్తం ఆగినట్టే.

పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళకి

ఇవ్వడం వల్ల గర్భం రావడానికి అడ్డం ఉండదు. ఆరు నెలలు, వీలైతే ఏడాది ఆగి ప్లాన్ చేసుకోమంటారు, ఈలోపు మిగిలిన కిడ్నీ కుదురుకుంటుంది. గర్భంలో బీపీ పెరగడం, ప్రీఎక్లాంప్సియా (బీపీతో పాటు చాలాసార్లు యూరిన్‌లో ప్రోటీన్ కూడా పోయే ఇబ్బంది) రావడం డోనర్లలో కాస్త ఎక్కువ, కెనడాలో చూసిన ఒక అధ్యయనంలో 2015లో తేలింది 11 శాతం, ఇవ్వనివాళ్ళలో 5 శాతం. ఎక్కువమందికి కాన్పు బాగానే అయింది. మీరు చెయ్యాల్సింది మొదటి చెకప్‌లోనే గైనకాలజిస్ట్‌కి డోనర్‌ని అని చెప్పి, బీపీ, యూరిన్ ప్రోటీన్ తరచుగా చూడమని అడగడం, ఆస్పిరిన్ చిన్న డోసు అవసరమా అనీ అడగండి, సొంతంగా మాత్రం వేసుకోకండి.

మనసు సంగతి

దీన్ని చివర్లో పడేస్తారు అందరూ, నేను కూడా పడేశా, కానీ అసలు ఇబ్బంది పడింది నేను ఇక్కడే. ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి టెస్టులు, సంతకాలు, అందరూ మీ గురించే మాట్లాడటం, దేవుడివి అనడం, తర్వాత ఒక్కసారిగా అంతా ఖాళీ. ఇంట్లో ఒంటరిగా పడుకుని ఉంటారు, ఒళ్ళు సహకరించదు, ఫోన్లు అన్నీ అవతలి మనిషి ఎలా ఉన్నాడని అడగడానికే. ఏడుపొస్తుంది, ఏడవడానికి కారణం లేదని ఇంకా కోపమొస్తుంది. ఎక్కువమంది కొన్ని నెలల్లో ముందున్నట్టే అవుతారు, మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ ఇస్తాం అనే చెప్తారు, నేనూ అదే చెప్తా. కానీ ఆ నెలలు నిజమైనవే. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు మూడు వారాలు దాటితే ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఫోన్ చేసి అదే మాట చెప్పండి, కౌన్సెలర్ దగ్గరికి పంపమని అడగండి. కిడ్నీ ఇచ్చేంత ధైర్యం ఉన్నవాడికి ఇదేం ఖర్మ అనుకోవద్దు.

అన్నయ్యతో నా గొడవ చెప్తా. ఏడాది తర్వాత ఒకరోజు వాడు రాత్రి మాత్ర మర్చిపోయాడని వదిన చెప్పింది. నేను ఫోన్ చేసి, నా కిడ్నీని అలా చూస్తావా అన్నాను. అటు నుంచి మాట లేదు. మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వాడే ఫోన్ చేసి, ఒరేయ్, నువ్వు అలా అన్నాక నాకు మంచినీళ్ళు తాగుతున్నా నువ్వు చూస్తున్నట్టే ఉందిరా అన్నాడు. అప్పటిదాకా నాకు తెలీదు, నేను వాడి ప్లేటు చూస్తున్నానని, వాడి ఉప్పు లెక్కపెడుతున్నానని. ఇచ్చాక అది వాడిది. మందులు మర్చిపోతే వాడి డాక్టర్ మందలిస్తాడు, మనం తమ్ముళ్ళం, తమ్ముడిలాగే మాట్లాడాలి. తీసుకున్నవాళ్ళకి ఎలాగూ రుణభారం ఉంటుంది, దాన్ని మనం తూకం వెయ్యకూడదు. నేను అప్పటి నుంచి ఆ మాట వాడలేదు, నవ్వులాటకి కూడా.

ఇచ్చిన కిడ్నీ పనిచెయ్యకపోతే? బతికున్నవాళ్ళు ఇచ్చిన కిడ్నీ సగటున 15 నుంచి 20 ఏళ్ళు పనిచేస్తుందంటారు, కొన్ని నెలకే ఆగిపోతాయి, రక్తం గడ్డ కట్టడం, ఒళ్ళు ఒప్పుకోకపోవడం, పాత జబ్బే మళ్ళీ రావడం, కారణాలు చాలా. ఇచ్చినవాళ్ళు మాత్రం నా కిడ్నీలోనే ఏదో లోపం ఉందేమో అని లోపల్లోపల కుళ్ళిపోతారు. నాకు తెలిసిన ఒకావిడ భర్తకి ఇచ్చింది, రెండేళ్ళకి అది ఆగిపోయింది, ఆవిడ తన టెస్టులకి వెళ్ళడమే మానేసింది, ఇంకెందుకు అని. మీ కిడ్నీ మీ దగ్గర బాగానే పనిచేసింది, ఆ రెండో కిడ్నీ ఇప్పటికీ పనిచేస్తోంది. ఆవిడకి నేను చెప్పగలిగింది అదొక్కటే, తర్వాత ఆవిడతో పాటు ల్యాబ్‌కి వెళ్ళా.

ఫైల్లో ఏం పెట్టాలి

ముందుగా ఆపరేషన్ సమ్మరీ, ఏ వైపు కిడ్నీ, ఏ తేదీ, జబ్బు చేసి తీసింది కాదు దానం ఇచ్చింది అని స్పష్టంగా రాసిన డాక్టర్ లెటర్. ఈ లెటర్ ఎందుకంటే, ఒకసారి కడుపునొప్పికి స్కానింగ్‌కి వెళ్తే ఆ అబ్బాయి పొట్ట మీద జెల్ రాసి పావుగంట వెతికి, సార్ మీ ఎడమ కిడ్నీ కనపడట్లేదు అన్నాడు ముఖం అంతా చిన్నది చేసుకుని. మా అన్నయ్య దగ్గరుంది అన్నా. పాపం నవ్వాలో వద్దో తెలీలేదు అతనికి. ముందే చెప్పి ఉండాల్సింది నేను.

తర్వాత ఆపరేషన్‌కి ముందు రిపోర్టులు అన్నీ, ఇవి హాస్పిటల్లో ఉంటాయిలే అనుకోకండి, కాపీ తెచ్చుకోండి. ఆ తర్వాత ఒకే ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి తేదీ, క్రియాటినిన్, ఏసీఆర్, బీపీ, బరువు, షుగర్, ఏడాదికొక వరుస. చూస్తే ఒక్క చూపులో తెలిసిపోవాలి. బతికున్నంతకాలం కనీసం ఏడాదికోసారి చేయించుకోవాలని డోనర్ల కోసం రాసిన అంతర్జాతీయ గైడ్‌లైన్స్ చెప్తున్నాయి. ఏ తేదీ గుర్తుంటుందో అది పెట్టుకోండి. మేమిద్దరం ఆపరేషన్ తేదీకే వెళ్తాం, వాడి ఫైలు వాడి చంకలో, నా ఫైలు నా చంకలో, సూది అంటే వాడికి ఇప్పటికీ భయం కాబట్టి ముందు నేనే చెయ్యి చాపుతా.

పర్సులో ఒక చిన్న కార్డు, ఒకే కిడ్నీ ఉంది, ఫలానా వైపుది లేదు, ఈ నొప్పి మందులు ఇవ్వొద్దు అని, ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెడికల్ సమాచారంలో కూడా అదే. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు దాచొద్దు, దాచితే క్లెయిమ్ రోజు మీకే ఎదురు తిరుగుతుంది. కొన్ని కంపెనీలు మామూలుగానే ఇస్తాయి, కొన్ని ప్రీమియం పెంచుతాయి, కొన్ని ఈజీఎఫ్ఆర్ చూడగానే జబ్బు అని తిప్పి పంపిస్తాయి, అప్పుడు ఆ లెటరూ, అయిదారేళ్ళ వరుసలున్న ఆ తెల్ల కాగితమూ జత చేసి మళ్ళీ పంపండి. నాకు రెండోసారికి ఒప్పుకున్నారు.